ముగ్గురు రిటైర్డ్ పెద్దలు, మా కాలనీ పార్కు: కృతజ్ఞతలు

మా కాలనీ పార్కు సంక్రాంతికి తెరిచాం. చూసినవాళ్లందరూ కమిటీని మెచ్చుకుంటున్నారు, సెక్రటరీని కాబట్టి నన్ను ఇంకాస్త ఎక్కువ మెచ్చుకుంటున్నారు. వినడానికి బానే ఉంది గానీ ఆ మెప్పు చేరాల్సింది వేరేవాళ్లకి, అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ముగ్గురికి థ్యాంక్స్ చెప్పాలి. ఒకాయన మున్సిపాలిటీల్లో పార్కులు, తోటల పని చూసి రిటైరైన సూపరింటెండెంట్ సారు. ఇంకొకాయన హైస్కూల్లో పిల్లల్ని ఆడించి ఆడించి రిటైరైన పీడీ సారు. మూడో మనిషి పార్కుల్లో కలుపు తీసి, నీళ్లు కట్టి, ఊడ్చి, మోకాళ్ల నొప్పులతో పని మానేసిన పెద్దమ్మ. పేర్లు రాయొద్దని ముగ్గురూ గట్టిగా చెప్పారు. నెల్లూరులో పొదలకూరు రోడ్డు వైపు ఉండేవాళ్లకి ఎవరో ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది, కామెంట్లలో కూడా పేర్లు పెట్టకండి ప్లీజ్.

మా మరిది డాలస్‌లో ఉంటాడు. అక్కడ చాలా ఊళ్లకి పార్క్స్ అండ్ రిక్రియేషన్ అని ఒక డిపార్ట్‌మెంటే ఉంటుందట, చెట్లు, ఆటస్థలాలు, ఈతకొలను, పెద్దవాళ్లకి సాయంత్రం క్లాసులు అన్నీ దాని కిందకే వస్తాయి. అదొక వృత్తి, దానికి పరీక్ష రాసి తెచ్చుకునే సర్టిఫికెట్ కూడా ఉంది. 1965లోనే వేర్వేరు సంఘాలు కలిసి నేషనల్ రిక్రియేషన్ అండ్ పార్క్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. మన దగ్గర చెట్టు ఒకరిది, గోడ ఇంకొకరిది, ఆట మూడో వాళ్లది, ఊడ్చే మనిషి కాంట్రాక్టరు మనిషి. ఒక్కొక్కరికీ తమ ముక్క బాగా తెలుసు, రిటైరయ్యే రోజు శాలువా కప్పి, స్వీటు పంచి, ఆ తెలిసిందంతా వాళ్లతోపాటే ఇంటికి పంపించేస్తాం. చార్జి అప్పగించే కాగితంలో మోటార్లెన్ని, పైపులెన్ని అని ఉంటుంది గానీ ఫలానా మూల బెంచీ ఎందుకు వేయలేదో ఎక్కడా ఉండదు. మాకు ముగ్గురూ ఒకే వీధి చుట్టుపక్కల దొరకడం మా అదృష్టం.

మొదట స్థలం సంగతి. లేఔట్ వేసినప్పుడు పది శాతం ఓపెన్ స్పేస్ వదలాలి, దాన్ని గిఫ్ట్ డీడ్ కింద మున్సిపాలిటీకి రాసివ్వాలి, ఇది చాలామందికి తెలుసు. మాదీ అలాంటి స్థలమే, ఏళ్ల తరబడి తుమ్మచెట్లు, సీసా పెంకులు, ఎవరివో ఇసుక గుట్టలు. మొక్క గురించి మాట్లాడదామని వెళ్తే సూపరింటెండెంట్ సారు, "ముందు అప్రూవ్డ్ ప్లాన్ కాపీ తెచ్చుకోమ్మా, కొలతలు వేయించు, హద్దురాళ్లు పాతించు, ఆ తర్వాత నా దగ్గరికి రా" అని పంపించేశారు. అప్పుడు విసుగొచ్చిన మాట నిజం. కొలిపిస్తే ఒక పక్క మూడు గజాల మేర లోపలికి వచ్చేశారు (ఎవరనేది ఇక్కడ వద్దు, మాట్లాడుకుని వెనక్కి జరిగారు). ఇంకో పెద్దమనిషి అయితే అక్కడ ఫంక్షన్ హాలు కడదాం, కాలనీకి ఆదాయం అని మొదలుపెట్టాడు. దానికి సారు మీటింగులో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు చెప్పారు. పార్కు కోసం ప్లాన్‌లో చూపించిన జాగాని ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చేస్తే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కోర్టుకెళ్లారు, ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆసుపత్రికే కుదరనప్పుడు ఫంక్షన్ హాలుకి ఎట్టా కుదురుతుంది అని అడిగితే ఆ పెద్దమనిషి ఇంకేం మాట్లాడలేదు.

తర్వాత అసలు పని. వాకింగ్ ట్రాక్ సిమెంటు పోయించేద్దామని అందరం తొందరపడుతుంటే సారు ఒప్పుకోలేదు, ఒక పెద్ద వాన పడనివ్వండి, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చూసి అప్పుడు గీత గీద్దాం అన్నారు. నెల్లూరు వానల సంగతి మనకి కొత్త కాదు కదా, 2015 నవంబరులో, 2021 నవంబరులో ఎవరి వీధిలో ఎన్ని మెట్లు మునిగాయో ఇప్పటికీ చెప్పుకుంటాం. వాన పడ్డ మర్నాడు పొద్దున్నే పెద్దమ్మని వెంటబెట్టుకొచ్చి, నీళ్లు నిలిచిన చోటల్లా కర్రపుల్లలు గుచ్చించారు. ట్రాక్ ఆ పుల్లల బయటి నుంచి వంకరగా తిరిగింది. అది వంకరగా ఎందుకుందని అడిగేవాళ్లందరికీ ఇదే జవాబు. లోపల పల్లంగా ఉన్న చోటు అలాగే వదిలేసి అక్కడ నేరేడు పెట్టాం, నీళ్లు నిలిచినా తట్టుకుంటుందని.

మొక్కలు ఎప్పుడు నాటాలనే దాని మీద కూడా నాకు కొత్త సంగతి తెలిసింది. వనమహోత్సవం అంటే జులై. 1950లో కె.ఎం. మున్షీ మొదలుపెట్టినప్పటి నుంచీ దేశమంతా అదే నెల. కానీ మనకి జులైలో వానేది? మన జిల్లాకి ఏడాది మొత్తంలో సగానికి పైగా వాన అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. జులైలో ఫొటో దిగి నాటిన మొక్కకి మూడు నెలలు ట్యాంకర్ నీళ్లు పోయాలి, పోసేవాళ్లుండరు, ఎండిపోతుంది, మళ్లీ జులై వస్తుంది. మేం గుంతలు ముందే తీయించి, పశువుల ఎరువు వేసి మాగనిచ్చి, చిత్త, స్వాతి కార్తెల్లో నాటాం. నాటినవాటిలో పోయినవి చాలా తక్కువ, పోయినవి కూడా మేకల వల్లే.

ఏ మొక్కలు అనే దగ్గర పెద్ద వాదనే జరిగింది. కోనోకార్పస్ చవగ్గా వస్తుంది, ఆర్నెల్లలో పచ్చగా గోడలా లేస్తుంది అని సగం మంది. సారు వద్దంటే వద్దన్నారు, దాని వేర్లు పైపుల్లోకి, డ్రైనేజీలోకి పోతాయి, పుప్పొడితో ఇబ్బందులు ఉన్నాయని ఫిర్యాదులు వచ్చి గుజరాత్‌లో 2023లో నిషేధించారు కూడా అని చెప్పారు. ఏడాకుల పాల కూడా వద్దన్నారు. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత వైజాగ్‌లో ఆ చెట్లు విరివిగా పెట్టారు, ఇప్పుడు పూతకొచ్చే కాలంలో ఆ వాసనకి జనం గోల పెడుతున్నారు. నాకు ఇష్టమైన ఆకాశమల్లె కూడా జాబితాలోంచి పోయింది, గాలివానకి పెళుక్కున విరిగే చెట్టు, పిల్లలు ఆడే చోట వద్దని. ఆ ఒక్కదానికీ నాకింకా బాధే.

మరేం పెట్టాం అంటే వేప, కానుగ, పొగడ, రేల, పారిజాతం. బెంగళూరులో క్రుంబీగల్ అనే జర్మన్ తోటల నిపుణుడు ఒక చెట్టు పూత అయిపోతుండగా ఇంకొకటి అందుకునేలా వరసలు వేయించాడని, అందుకే ఆ ఊళ్లో ఎప్పుడూ ఏదో ఒక వీధి పూసి ఉంటుందని సారు చెబుతారు. మన చిన్న స్థలంలో అంత కుదరదు గానీ ఏప్రిల్, మే ఎండల్లో రేల, వానలు తగ్గేవేళ పారిజాతం పూస్తే చాలు. నర్సరీ నుంచి మొక్కలొచ్చిన రోజు ఆయన పొడుగు చూడలేదు, కవర్ కోసి వేర్లు చూశారు. కవర్లో చుట్లు చుట్టుకుపోయిన వేరు భూమిలో కూడా అలాగే చుట్లు తిరుగుతుందట, ఆ చెట్టు పెద్దయ్యాక మొదటి తుఫానుకే పడిపోతుందట. మనిషెత్తు మొక్కలు కొన్ని వెనక్కి పంపించి, మోకాలెత్తువి తెచ్చుకున్నాం. డబ్బులు కూడా మిగిలాయి.

ఇక పీడీ సారు. ఆయన చేసిన మొదటి పని ఏంటంటే కొన్నాళ్లపాటు కుర్చీ వేసుకుని అక్కడ కూర్చోవడం. తెల్లారుజామున ఎవరు నడుస్తున్నారు, బడి వదిలాక పిల్లలు ఏ వైపు నుంచి వస్తున్నారు, రాత్రి భోజనాలయ్యాక ఆడవాళ్లు ఎందుకు గేటు దగ్గరే నిలబడి మాట్లాడుకుని వెళ్లిపోతున్నారు, ఇవన్నీ రాసుకున్నారు. ఆ చివరిదానికి కారణం మా ప్లాన్‌లో భుజాలెత్తు పొద కంచె. లోపల ఎవరున్నారో బయటికి కనపడకపోతే ఆడవాళ్లు చీకటిపడ్డాక రారు, ఎన్ని లైట్లు పెట్టినా రారు అని ఆయన చెప్పాక కంచె మోకాలి ఎత్తుకి దించాం, లైట్లు చెట్ల కొమ్మల కిందకి వచ్చేలా పొట్టి స్తంభాలకి పెట్టాం. ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి మా అత్తగారే అక్కడి నుంచి కదలరు.

షటిల్ కోర్టు ఉత్తర దక్షిణాలుగా వేయించారు, పొద్దున్నా సాయంత్రం ఎండ ఎవరి కళ్లలోనూ పడకుండా. కబడ్డీకి పూర్తి కొలత 13 మీటర్లకి 10 మీటర్లు, మాకు అంత జాగా లేదు, ఆడపిల్లల కొలత 12కి 8 సరిగ్గా సరిపోయింది. "అయితే ఇది ఆడపిల్లల కోర్టు, మగపిల్లలు అడిగి ఆడుకోవాలి" అని రూల్ పెట్టేశారు ఆయన. నాకు భలే నచ్చింది. జారుడుబల్ల ఇనుపది కొనొద్దని చెప్పలేదు, పడమటి వైపు తిప్పొద్దు, చెట్టు నీడలో పెట్టండి, మన మే నెల ఎండకి పిల్లల కాళ్లు కాలతాయి అన్నారు. ఉయ్యాల కింద రంగు టైల్స్ బదులు అడుగు లోతు ఇసుక పోయించారు. ఆ ఇసుకని వారానికోసారి దంతెతో కదపాలి, లేకపోతే గట్టిపడి సిమెంటుతో సమానం. ఉయ్యాలలో ముందు అరిగేది గొలుసు కాదు, పైన పట్టు దగ్గరుండే కొక్కెం, నిచ్చెనేసుకుని చూడాలి. ఇది మా వాచ్‌మన్‌కి నేర్పి, చూసిన రోజు సంతకం పెట్టే రిజిస్టరు కూడా ఆయనే పెట్టించారు.

పెద్దమ్మ గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఆమెని ఎవరూ ఏమీ అడగరు. సూపరింటెండెంట్ సారే చెప్పారు, నాకు తెలిసినదాంట్లో సగం ఇలాంటివాళ్ల దగ్గర నేర్చుకున్నదేనని. నీళ్లు చెట్టు మొదట్లో పోస్తుంటే ఆమె ఆపి, "అట్టా కాదు తల్లీ, కొమ్మల నీడ యాడదాకా పడుద్దో ఆ అంచున పోయాల, పీల్చే యేర్లు ఆడుంటాయి" అంది. రోజూ చిలకరించొద్దు, నాలుగు రోజులకోసారి కడుపునిండా పెట్టమంది. రాలిన ఆకు తగలబెట్టనివ్వలేదు, మూలన గుంత తీయించి అందులో వేయిస్తోంది, ఆరేడు నెలలకి అదే ఎరువు. లాన్ వేద్దామంటే నవ్వి, గరిక చాలదా అంది. కొరియన్ గడ్డికి మన ఎండల్లో ఎన్ని నీళ్లు తాగించాలో ఆమెకి తెలుసు, ఆ బకెట్లు మోసింది ఆమే.

అన్నిటికన్నా తెలివైనది ఇది. పొద్దున్నే పూజకి పూలు కోసుకెళ్లేవాళ్లతో ప్రతి పార్కులోనూ గొడవే కదా, బోర్డులు పెడతారు, ఎవరూ చదవరు. పెద్దమ్మ గేటు పక్కనే నందివర్ధనం, మందారం, గన్నేరు వరసగా పెట్టించింది. కోసుకునేవాళ్లు అక్కడే కోసుకుని వెళ్లిపోతున్నారు, లోపలి మొక్కల జోలికి రావడం లేదు. ఏ ఇంజినీరింగ్ కాలేజీలో చెప్తారండీ ఇది?

ఒక విషయం ఇక్కడ చెప్పాలి. సార్లిద్దరూ పైసా తీసుకోలేదు, ఇస్తామన్నా కోప్పడ్డారు. పెద్దమ్మకి మాత్రం నెలకింత అని ఇస్తున్నాం, అది పీడీ సారు పట్టుబట్టి పెట్టించిందే. మాకు పెన్షన్ వస్తోంది, ఆమెకి రావట్లేదు, సలహా ఉచితం అనేది పెన్షన్ ఉన్నవాళ్లకే అన్నారు. కమిటీలో ఒకరిద్దరు సణిగారు గానీ తీర్మానం అయిపోయింది.

వీళ్లు చెప్పినవన్నీ మా అమ్మాయి ఒక నోట్‌బుక్కులో రాస్తోంది. ఏ మొక్క ఎక్కడ, ఎందుకు అక్కడ, ఏది వద్దనుకున్నాం, ఎందుకు వద్దనుకున్నాం, వాన నీళ్లు ఎటు పారతాయి, ఏ పైపు ఎక్కడ పాతిపెట్టాం, అన్నీ. రేపు కమిటీ మారినా అది పార్కు బీరువాలోనే ఉంటుంది. కావలి నుంచి, ఒంగోలు నుంచి కూడా ఇప్పటికే కొందరు ఫోన్ చేశారు, జిరాక్సు ఇస్తాం, కానీ మీ ఊరి నేల మా నేల కాదు, ముఖ్యంగా ఒంగోలు వైపు నల్లరేగడి, వాన పడితే అడుగు తీసి అడుగు వేయలేం, ఎండితే పగుళ్లు. మీ దగ్గర రిటైరైన తోటమాలి ఎవరైనా ఉంటే ముందు వాళ్లింటికి వెళ్లండి, మా నోట్‌బుక్కు తర్వాత.

సార్, సార్, పెద్దమ్మా, ముగ్గురికీ కాలనీ తరఫున, నా తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పెద్దమ్మ ఫోన్‌లో ఇది చదవలేదు కాబట్టి వాళ్ల మనవడు చదివి వినిపిస్తానన్నాడు, ఒరేయ్ బాబూ, గరిక దగ్గర నవ్విందన్న ముక్క వదలకుండా చదువు.

ఓపెన్ జిమ్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఆ మెషీన్లు రెండేళ్లలో బేరింగులు పోయి తుప్పు పడతాయి, ఆ డబ్బుతో ఇంకో బోరు వేయిద్దామని సూపరింటెండెంట్ సారు, పెద్దవాళ్లకి కీళ్లు కదలాలంటే రెండు మూడైనా ఉండాల్సిందేనని పీడీ సారు. ఇద్దరూ తగ్గడం లేదు. ఆదివారం పొద్దున ఏడింటికి పార్కులోనే మీటింగు, కాలనీవాళ్లు అందరూ రండి, చందా బాకీ ఉన్నవాళ్లు అది కూడా పట్టుకురండి.