బోర్డు రాకముందు చేసే పని

మ్యూనిక్

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. మొన్న ఫోనులో అమ్మ, "బోర్డే తయారు కాలేదంటున్నావు, మరి వాళ్లు నీకు జీతం దేనికిస్తున్నారే?" అని అడిగితే విసుక్కున్నాను. తరువాత మనసు ఊరుకోలేదు. ఇది ఆమెకు చదివి వినిపించండి.

బోర్డంటే చిప్పులు అమర్చిన పలక; దాని మీది ఉష్ణోగ్రత సెన్సారు చిప్పుతో కంప్యూటరును మాట్లాడించే ప్రోగ్రాము, అంటే డ్రైవరు, రాయడం నా పని. బోర్డు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చుంటే, వచ్చిన రోజున తప్పు దానిదో, నా డ్రైవరుదో తేల్చడం కష్టం. అందుకని క్యూఎము అనే ఎమ్యులేటరులో, అంటే లేని యంత్రాన్ని ఉన్నట్టు నటించే ప్రోగ్రాములో, ఆ ఉష్ణోగ్రత సెన్సారుకు బొమ్మలాంటి నమూనా ఒకటి రాసుకున్నాను; డ్రైవరు దాన్నే అసలు చిప్పనుకుంటుంది. అంతకుముందు లినక్సులోనే ఉన్న ఐటూసీ-స్టబ్ అనే ఉత్తుత్తి చిప్పుతో సరిపెట్టుకోబోయాను గానీ, రాసిన విలువను దాచి తిరిగి చెప్పడమే దానికి తెలుసు. మా చిప్పులో హెచ్చరిక బిట్టు (0 గానీ 1 గానీ ఉండే గడి) మీద 1 రాస్తే అది 0 కావాలి. స్టబ్‌లో ఆ 1 కదలదు.

బొమ్మ చేసిందీ నేనే, డ్రైవరు రాసిందీ నేనే కనుక మూడు వారాలు పరీక్షలన్నీ నెగ్గాయి. వోచరు రాసిన చెయ్యే దాన్ని పాస్ చేయకూడదని బ్యాంకు నుంచి వచ్చి మీరు అనేవారే, అది గుర్తొచ్చి, పక్క సీటులోని అతనికి చిప్పు పనితీరు వివరించే డేటాషీటు మాత్రమే ఇచ్చి, నా కోడు చూడకుండా మరో బొమ్మ రాయమన్నాను. అతని బొమ్మ 25 డిగ్రీలు పంపితే నా డ్రైవరు 50 అని చదివింది! 16 బిట్లలో ఎడమకు సర్దిన 12 బిట్ల విలువను కుడికి 4 స్థానాలు జరపవలసి ఉండగా నేను 3 జరిపాను; ఒక స్థానం తక్కువైతే విలువ రెట్టింపవుతుంది. నా బొమ్మలోనూ అదే 3 ఉండటంతో తప్పును తప్పే కప్పేసింది. సిగ్గేసింది, నిజమే.

ఈసారి బొమ్మల కొలువు మెట్లు చెల్లినే దింపమనండి, మోకాళ్లతో అమ్మను స్టూలు ఎక్కనివ్వకండి. మన కొలువులో కొట్టు పెట్టుకుని కూర్చునే చెట్టియారు బొమ్మ ఎంతమంది వచ్చినా ఎవరినీ కాసేపు ఆగమనదు కదా, నా బొమ్మ కూడా అడిగీ అడగకముందే జవాబిచ్చేది. అసలు చిప్పుకు ఒక్కో కొలతకు కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది. అందుకే నా బొమ్మకు ఆలస్యం నేర్పాను, అప్పుడప్పుడు అసలు పలకకుండా ఉండటం కూడా నేర్పాను. అలా చేసిన మొదటి రోజు డ్రైవరు ఎదురుచూస్తూ అలాగే బిగుసుకుపోయింది. ఇప్పుడు 100 మిల్లీసెకన్లు చూసి, జవాబు లేదని చెప్పి తప్పుకుంటుంది.

ఉద్యోగానికి ఢోకా ఏమీ లేదు, వెస్ట్ మాంబళంలో అడిగినవాళ్లకు కూడా అదే చెప్పండి. బోర్డు చేతికొచ్చిన వారంలో మాత్రం రాత్రిళ్లు ఫోను ఎత్తకపోతే కంగారు పడకండి.

మీ
పెద్దమ్మాయి