హాస్టల్లో ఉన్న చిట్టికి

బెంగళూరు

చిట్టితల్లీ,

కాళ్ళ నొప్పులకి రూమ్మేట్ ఇచ్చిన పెయిన్ కిల్లర్ వేసుకున్నానని నిన్న ఫోన్లో మామూలుగా చెప్పేశావు. యూరిన్ టెస్ట్ ఎందుకమ్మా, బానే ఉన్నాగా అన్నావు. నాలుగేళ్ళప్పుడు పడిన బాధ నీకు గుర్తుండదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఆ వానాకాలం నీకు రక్త విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గాయి, గండం గడిచిందనుకున్నాం. అప్పుడు మొహం పాలిపోయింది, కళ్ళ కింద ఉబ్బింది, పొద్దున్నుంచీ ఒంటేలుకే పోలేదు. ఈ జబ్బు తీరే అంత. విరేచనాలు మొదలైన 5 నుంచి 10 రోజుల్లో, కడుపు కుదుటపడే వేళకి, కిడ్నీల మీద పడుతుంది. ఒక రకం ఈ.కోలై అనే క్రిమి వదిలే షిగా టాక్సిన్ అనే విషం సన్నటి రక్తనాళాల లోపలి పొరని పాడుచేస్తుంది. అక్కడ చిన్న చిన్న గడ్డలు కడతాయి. ప్లేట్‌లెట్లు వాటికే ఖర్చయిపోతాయి, ఎర్రకణాలు ఆ ఇరుకులో ముక్కలైపోతాయి. దీన్నే హీమోలిటిక్ యురేమిక్ సిండ్రోమ్ అంటారు.

ఊళ్ళో డెంగ్యూ రోజులు. ప్లేట్‌లెట్లు పడిపోయాయనగానే అందరూ అదే అన్నారు. మీ పెద్దమ్మ హిందూపురం నుంచి బొప్పాయి ఆకు రసం పట్టుకొచ్చింది. ప్రేమతోనే తెచ్చింది, కానీ మూత్రం రాని పిల్లకి మంచినీళ్ళు కూడా కొలిచే పోయాలి. డాక్టరమ్మ స్లైడ్ మీద ముక్కలైన ఎర్రకణాలు చూశారు, కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పేరుకునే క్రియాటినిన్ పెరగడం చూశారు. డెంగ్యూ పాజిటివ్ వచ్చినా ఇది లేదని కాదమ్మా, రెండూ కలిసి రావచ్చు అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది.

మొదట్లో యాంటీబయాటిక్ వద్దన్నారు. ఈ రకం ఈ.కోలై మీద కొన్ని మందులు వాడితే అది విషం ఇంకా ఎక్కువ వదలొచ్చట. షిగెల్లా అనే ఇంకో క్రిమి వల్ల వచ్చిన విరేచనాలైతే మాత్రం మందు వేయాల్సిందే, అందుకే ఏ క్రిమో తేల్చడానికి మలం కల్చర్‌కి పంపారు. తర్వాత పొట్టలోకి గొట్టం వేసి, నీళ్ళు నింపి తీసే డయాలసిస్ మొదలుపెట్టారు. ఒకరోజు బయటికొచ్చే నీళ్ళు బియ్యం కడుగులా మారాయి. పొట్టలో ఇన్ఫెక్షన్. ఈసారి ఆవిడే వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, డయాలసిస్ నీళ్ళలోనే కలిపి. అప్పుడు వద్దన్నది ఇప్పుడెలా పనికొస్తుందని మీ తాతయ్య కోప్పడ్డారు. ఇది వేరే క్రిమి, వేరే చోటు, దీన్ని వదిలేస్తే ప్రాణం మీదికొస్తుందని ఆవిడ ఓపిగ్గా చెప్పారు.

ఆ మధ్యలోనే ఫిట్స్. బీపీ పెరిగి వచ్చాయా, రక్తంలో సోడియం పడిపోయి వచ్చాయా, విషం మెదడుకి తగిలిందా, ఇన్ఫెక్షన్ పాకిందా? ఒక్కటే అనుకుని కూర్చోకుండా అన్నీ ఒకేసారి చూశారు. నువ్వు బతికింది అందుకేనని నా నమ్మకం.

మళ్ళీ మూత్రం వచ్చిన రోజు మీ నాన్న వార్డులో అందరికీ చెప్పుకున్నారు. కానీ కిడ్నీలో దెబ్బతిన్న వడపోత గుత్తులు తిరిగి పుట్టవురా. మిగిలినవాటి మీదే భారమంతా. ఏళ్ళ తర్వాత బీపీగానో, మూత్రంలో ప్రోటీన్‌గానో అది బయటపడొచ్చు, పైకేమీ తెలియకుండానే. అందుకే ఏడాదికోసారి బీపీ, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి పెయిన్ కిల్లర్లు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకు. జ్వరం, విరేచనాలు వచ్చినా ముందు ఈ పాత జబ్బు పేరు చెప్పు. వాళ్ళు అడగరు, నువ్వే చెప్పాలి. పాత ఫైలు ఫొటోలు తీసి పంపుతున్నాను, ఫోన్లో ఉంచుకో.

శనివారం పొద్దున్నే మొదటి యూరిన్ పట్టి ల్యాబ్‌లో ఇవ్వు. రిపోర్ట్ రాగానే వాట్సాప్ చెయ్యి.

మీ అమ్మ