ముందు ఆ జాగాలో మట్టిని చూద్దాం బిడ్డా

బిడ్డా,

నీ జాగాలో మట్టి ఇటుకలతో ఇల్లు కట్టుకోమంటే నిన్న ఫోన్‌లో "మట్టి ఇల్లా నాన్నా, వాన పడితే ఎట్లా?" అన్నావు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా.

ఊళ్లో మీ ముత్తాత కట్టిన మట్టి గోడల ఇంట్లోనే నేను పదో తరగతి దాకా పెరిగాను. నడి ఎండాకాలం మధ్యాహ్నం కూడా లోపల పడుకుంటే హాయిగా నిద్ర పట్టేది. ఒక ఏడాది చూరు పెంకులు పగిలితే ఎవరూ పట్టించుకోలేదు, ఆ వానాకాలంలో ఉత్తరం గోడ తడిసి తడిసి కూలిపోయింది. మట్టికి నీళ్లు పడవని నేను అప్పుడే కళ్లారా చూశాను. నిన్ను అలాంటి గోడ కట్టమనడం లేదు. ఎర్రమట్టిలో 5 నుంచి 7 శాతం సిమెంటు కలిపి, మిషన్‌లో గట్టిగా నొక్కి, బట్టీలో కాల్చకుండానే చేసే ఇటుక గురించి చెబుతున్నా. ఈ చేతి మిషన్ 1950ల్లో కొలంబియాలో పుట్టింది, దాన్ని సిన్వా-రామ్ అంటారు. ఆ తర్వాత మన దేశంలో బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీ వాళ్లు, పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్ వాళ్లు దీని మీద చాలా పని చేశారు. బ్యాంకు వాళ్లు మట్టి ఇల్లంటే లోన్ ఇస్తారా అని అల్లుడు అడిగాడట కదా, ఈ ఇటుకకు భారత ప్రమాణం ఉందని చెప్పు: ఐఎస్ 1725, 1960లో వచ్చింది, తర్వాత 1982లో, 2013లో సవరించారు.

ఖర్చు సగానికి సగం తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకు. స్లాబు, తలుపులు, కరెంటు, ప్లంబింగ్ ఏ ఇంటికైనా అంతే అవుతాయి. మిగిలేది గోడల్లోనే. ఇటుక ఒక్కోటి 9, 10 కిలోలు ఉంటుంది, బస్తా సిమెంటుతో 70 నుంచి 100 దాకా వస్తాయి. పునాదికి, సంపుకు తవ్విన మట్టి అక్కడే పనికొస్తే లారీ కిరాయి ఉండదు, బొగ్గు ఖర్చు ఉండదు, గోడ నున్నగా వస్తే లోపల ప్లాస్టరింగ్, లప్పం కూడా అక్కర్లేదు. అదే మట్టిని 40 కిలోమీటర్ల నుంచి తెప్పించాల్సి వస్తే మాత్రం ఈ ఆలోచన మానేద్దాం.

కూకట్‌పల్లిలో మీ ఫ్లాట్‌లో బీరువా వెనక గోడ నల్లగా బూజు పట్టడం చూసిన దగ్గర్నుంచి నా మనసు అక్కడే ఉంది. మనవడు చింటూ దగ్గు దానివల్లే అని నేను అనను, అది డాక్టర్ చెప్పాలి. మట్టి గోడ గాలిలో తేమ ఎక్కువైతే కొంత పీల్చుకుంటుంది, పొడి గాలి తగిలితే వదిలేస్తుంది. పైన ప్లాస్టిక్ పెయింట్ వేస్తే ఆ గుణం పోతుంది, అందుకే సున్నమే వేయించు. పైపు లీకైతే మాత్రం ఏ గోడైనా తడుస్తుంది, బాత్రూమ్‌కు టైల్స్ తప్పవు.

ఇబ్రహీంపట్నం దగ్గర నీ 150 గజాల జాగా ఎర్రనేలే కాబట్టి నాకు ఆశ ఉంది. నల్లరేగడి అయితే తడికి ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది, దానికి సున్నం కలపాలి, ఆ తలనొప్పి వేరు. పైన అడుగు మట్టిలో వేర్లు, ఆకుల కుళ్లు ఉంటాయి, దాన్ని మొక్కలకు దాచుకో. కింది మట్టిని సీసాలో మూడో వంతు పోసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా గిలకొట్టి పెడితే ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, బంకమట్టి తేరుకోవడానికి ఒక రోజు పడుతుంది. ఇసుక సగం పైన, బంక అయిదో వంతు ఉంటే మంచిది, బంక ఎక్కువైతే క్రషర్ డస్ట్, అంటే కంకర ఆడించగా వచ్చే రాతి పొడి, కలుపుతారు.

మేస్త్రీకి పని ఒప్పజెప్పే ముందు ఒక మాట గట్టిగా చెప్పు. సిమెంటు కలిపిన మట్టిని గంట లోపే నొక్కేయాలి, ఇటుకలను నీడలో కప్పి 28 రోజులు తడి ఆరకుండా చూడాలి. చాలా మంది వారం కాగానే గోడ లేపేస్తారు, చెడ్డపేరు మట్టికి వస్తుంది. ఒక ఇటుకను రాత్రంతా బకెట్ నీళ్లలో వేసి పొద్దున చూడు, అంచులు కరిగితే ఆ లాట్ మొత్తం వద్దను. కింద రెండడుగులు రాతి కట్టుబడి, పైన రెండడుగులు బయటికి వచ్చే సజ్జ, ఈ రెండింట్లో పైసా తగ్గించకు. ముత్తాత ఇంటికి ఆ రెండూ సరిగ్గా ఉంటే ఆ గోడ ఇప్పటికీ నిలబడి ఉండేదేమో.

అల్లుడికి ఇంకా అనుమానం ఉంటే రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో రూరల్ టెక్నాలజీ పార్క్ ఉంది, ఇలాంటి ఇటుకలతో కట్టిన నమూనా ఇళ్లు ఉన్నాయి అక్కడ. మధ్యాహ్నం ఎండలోనే తీసుకెళ్లు, లోపలికి వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టి చూడమను.

ఆదివారం ఎండ ఎక్కకముందే జాగా దగ్గరికి వస్తాను. గడ్డపార నేను తెస్తా. మూత గట్టిగా పట్టే గాజు సీసాలు రెండు కడిగి పెట్టు, ఒకటి ముందు మూల మట్టికి, ఇంకోటి వెనక మూలకు. చింటూను కూడా తీసుకురా, సీసాలు వాడే ఊపుతాడు.

మీ నాన్న