శానిటైజర్‌తో పోయే వైరస్ కాదిది

సంపాదకులకు,

వాంతులు, విరేచనాలు పట్టుకోగానే చివరగా తిన్నదాన్ని తిట్టుకుంటాం. చాలాసార్లు అసలు దోషి నోరోవైరస్. వందలోపు కణాలు నోట్లోకి వెళ్లినా చాలు, 12 నుంచి 48 గంటల్లో మంచాన పడేస్తుంది. దీనికి కొవ్వు పొర లేదు కాబట్టి ఆల్కహాల్ శానిటైజర్‌కు సరిగా లొంగదు. సబ్బుతో 20 సెకన్లు, గోళ్ల సందులతో సహా రుద్ది కడగాల్సిందే.

వాంతి మీద నేరుగా బ్లీచ్ పోస్తే ఆ మురికే క్లోరిన్‌ను మింగేస్తుంది. ముందు గ్లవ్స్ వేసుకుని కాగితంతో ఎత్తేసి, సబ్బునీళ్లతో తుడవాలి. ఆ తర్వాతే లీటరు నీటికి 5 శాతం బ్లీచ్ ద్రావణం 25 మిల్లీలీటర్లు కలిపి, 5 నిమిషాలు తడి ఆరకుండా ఉంచాలి. తలుపు పిడిని, కుళాయిని అందరూ మరిచిపోతారు!

తగ్గిపోయిందని వెంటనే గరిటె పట్టకండి, కనీసం 48 గంటలు ఆగండి. మలంలో వైరస్ రెండు వారాలైనా వస్తూనే ఉండొచ్చు.

– ఓ పాఠకురాలు