చిన్నపిల్లల చేతికి వస్తువులు అందనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు వారానికో అంశం తీసుకుని ఆటపాటలతో నేర్పించే పద్ధతి గురించి మన అంగన్‌వాడీల్లోనూ, ప్రైవేటు బడుల్లోనూ ఈమధ్య తరచుగా వింటున్నాము. వరంగల్, హనుమకొండ పరిసర గ్రామాల్లో చాలా ఏళ్లు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పనిచేసి విరమణ పొందిన నేను, ఈ పద్ధతి మనసుపెట్టి చేసినచోట పిల్లలు ఎట్లా ఎదుగుతారో, మొక్కుబడిగా చేసినచోట ఏం కోల్పోతారో కళ్లారా చూశాను. అందుకే ఈ లేఖ.

ఒక ఏడు పెత్తర అమాసకు ముందు ఒక పల్లె కేంద్రానికి వెళ్లాను. అక్కడి టీచరు ఆ వారానికి పువ్వులను అంశంగా తీసుకుని, సోమవారం నాడే పిల్లలను చెరువు కట్ట దాకా నడిపించి తంగేడు, గునుగు, కట్ల పువ్వులు కోయించుకొచ్చింది. నేను వెళ్లిన రోజు తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి పిల్లలు బతుకమ్మ పేరుస్తున్నారు. నాలుగేళ్ల పాప ఒకతె గునుగు కాడలు లోపలికి, పువ్వులు బయటికి వచ్చేలా ఒక్కొక్కటే పెడుతున్నది. అడుగు వరుసకే దాని ముందున్న కుప్ప సగం ఒడిసిపోయింది. మూడో వరుస నిండగానే చెయ్యి ఆపి, కాసేపు తేరిపార చూసి, "టీచర్, పైకి పోతాంటే పువ్వులు తక్కువ పడుతున్నయ్" అన్నది. టీచరు కారణం చెప్పకుండా "ఎందుకట్ల?" అని అడిగింది. పాప గాలిలో వేలితో ముందు పెద్ద చుట్టు, దాని మీద చిన్న చుట్టు గీసి చూపించింది. ఎక్కువ తక్కువలు, చిన్న పెద్దలు, ఒక రంగు తర్వాత మరో రంగు వచ్చే వరుస, ఇవన్నీ లెక్కలకు పునాదులే కదా. కాడ విరగకుండా పువ్వును పట్టుకునే ఆ బొటనవేలు, చూపుడువేలే రేపు పెన్సిల్‌ను నిలకడగా పట్టుకుంటాయి.

ఆ వారమంతా అదే అంశం నడిచింది. గునుగును రంగు నీళ్లలో ముంచుతూ, పసుపు నీలం కలిస్తే ఆకుపచ్చ అవుతుందని పిల్లలే కనిపెట్టారు. పక్క తండా నుంచి వచ్చే బాబు, ఇంట్లో లంబాడీ తప్ప తెలుగు వినని కారణంగా అంతవరకు కేంద్రంలో నోరు విప్పలేదట. తంగేడు కొమ్మ చేతికి ఇచ్చినప్పుడు వాళ్ల భాషలో దాని పేరు చెప్పాడు, మిగతా పిల్లలందరూ ఆ మాటను పలికి చూశారు. ఆ పిల్లవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక మా మనవడు చదివే ప్రైవేటు బడిలో 'యెల్లో డే' అన్నారు. పసుపు చొక్కా, పసుపు రంగు టిఫిన్, దుకాణంలో కొన్న థర్మకోల్ మామిడిపండు తెమ్మన్నారు. ఫోటో తీసేదాకా దాన్ని ముట్టుకుంటే పాడవుతుందని పిల్లల చేతులు కట్టించి నిలబెట్టారట. మరునాడు మళ్లీ అక్షరాలు దిద్దే పుస్తకమే. ఆ బడిని తప్పుపట్టాలని కాదు, తల్లిదండ్రులు అడిగేదే ఫోటో, నోట్‌బుక్కు అయినప్పుడు బడి అదే ఇస్తుంది.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టింది కాదు. విద్యావేత్త గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిర్ అనే చిన్నపిల్లల బడి మొదలుపెట్టినప్పుడే చిన్నపిల్లల చదువులో ఆటకు, కథకు, చేతిపనికి చోటిచ్చారు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది, 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆ దశకు ఆటనే ప్రధాన మార్గంగా చూపింది. 2024లో అంగన్‌వాడీల కోసం 'ఆధారశిల' ప్రణాళిక కూడా విడుదలైంది. కాగితం మీద కొరత లేదు.

కొరత ఎక్కడంటే, టీచరుకు పిల్లలతో కూర్చునే సమయం దగ్గర. బరువులు తూచడం, గుడ్లు, బాలామృతం పంచడం, గర్భిణులకు భోజనం పెట్టడం, పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో వివరాలు ఎక్కించడం, ఇన్ని పనుల మధ్య వారం రోజుల అంశాన్ని ఒక్క పూటలో ముగించే పరిస్థితి వస్తోంది. అంగన్‌వాడీలను నడిపే, 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో (ఐసీడీఎస్) పోషకాహారంతో పాటు పూర్వ ప్రాథమిక విద్య కూడా భాగమే. కనీసం ఉదయం రెండు గంటలు ఆమెను వేరే పనికి పిలవవద్దని అధికారులను వేడుకుంటున్నాను. తనిఖీకి వచ్చినవారు పిల్లల పలకలు చూడడానికి ముందు, ఆ వారం వాళ్లు ఏం పట్టుకున్నారో, ఏం అడిగారో వాళ్లతోనే మాట్లాడి తెలుసుకుంటే టీచర్లకూ ధైర్యం వస్తుంది.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. సాయంత్రం బిడ్డను "ఏం రాసినవ్?" అని కాకుండా "ఏం చేసినవ్?" అని అడగండి. పల్లికాయలు ఒలిపించండి, చింతపిక్కలు లెక్కపెట్టించండి. ఈ ఏడు ఎంగిలిపూల బతుకమ్మకు ముందు వారం మీ వాడలోని కేంద్రానికి ఒక గంప పువ్వులు, వీలైతే పాట తెలిసిన ఒక అవ్వను పంపండి.

— ఒక విశ్రాంత అంగన్‌వాడీ సూపర్‌వైజర్, హనుమకొండ