గర్భసంచి మూతి క్యాన్సర్‌కు కీహోల్ ఆపరేషన్: మీ వార్తలో లేని సంగతి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో గర్భసంచి క్యాన్సర్‌కు పెద్ద కోత లేకుండా, చిన్న చిన్న రంధ్రాలతోనే ఆపరేషన్ చేసేస్తున్నారని, మూడో రోజుకే ఇంటికి పంపేస్తున్నారని ఫొటోలతో సహా పెద్దగా వేశారు. నేను కర్నూలులో ఆడవాళ్ల వార్డుల్లో, ఆపరేషన్ థియేటర్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఈ కీహోల్ పద్ధతి, అంటే ల్యాప్రోస్కోపీ మీద నాకేం కోపం లేదు, అండాశయంలో నీటితిత్తులకీ, ట్యూబులో గర్భం నిలిచినప్పుడూ అది ఎంత మేలు చేస్తుందో దగ్గరుండి చూశాను. కానీ మీ వార్తలో అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క లేదు. ఆ ఆపరేషన్ ఏ క్యాన్సర్‌కి? గర్భసంచి మూతికి వచ్చినదానికా, లోపలి పొరకు వచ్చినదానికా? అది రాయకపోతే ఆ వార్త పట్టుకుని ఆలూరు నుంచో పత్తికొండ నుంచో బయల్దేరే మనిషికి నష్టం జరగొచ్చు, ఎందుకంటే ఈ రెండు జబ్బులకూ పరిశోధనల్లో తేలిన సంగతులు పూర్తిగా వేరు.

ముందు మూతి క్యాన్సర్ గురించి చెప్తాను, మన వార్డుల్లో ఎక్కువగా చూసేది అదే. తొలి దశలో దొరికితే గర్భసంచినీ, దాన్ని పట్టుకుని ఉండే చుట్టుపక్కల కండనూ, యోని పైభాగాన్నీ, పొత్తికడుపులోని లింఫ్ గ్రంథులనూ కలిపి తీసే పెద్ద ఆపరేషన్ చేస్తారు. రాడికల్ హిస్టరెక్టమీ అంటారు. 1898లో వియన్నాలో వెర్తైమ్ అనే సర్జన్ కడుపు కోసి చేసి దీనికి దారి వేశాడు. కలకత్తా సర్జన్ సుబోధ్ మిత్ర దీన్నే కింది దారిలో, అంటే యోనిలోంచి చేసే పద్ధతిని తీర్చిదిద్దితే దానికి మిత్ర ఆపరేషన్ అని ఆయన పేరే నిలిచిపోయింది, మన నర్సింగ్ పిల్లలకు ఈ సంగతి చెప్పేవాళ్లే లేరు. ల్యాప్రోస్కోపీ వచ్చాక ఈ పెద్ద ఆపరేషన్ కూడా రంధ్రాల్లోంచి చేయడం మొదలైంది, ఆ తర్వాత రోబోలు వచ్చాయి. రక్తం తక్కువ పోతుంది, నొప్పి తక్కువ, తొందరగా ఇంటికి పోవచ్చు, కాబట్టి ఇదే మేలని అందరూ అనుకున్నారు. పాత కేసు షీట్లు తిరగేసి చేసిన అధ్యయనాల్లో కూడా తేడా ఏమీ లేదనే వచ్చింది.

అప్పుడు అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌కు చెందిన పెడ్రో రామిరెజ్ నాయకత్వంలో వేర్వేరు దేశాల్లోని 33 ఆసుపత్రులు కలిసి ఒక పరీక్ష పెట్టాయి. తొలి దశ మూతి క్యాన్సర్ ఉన్న 631 మంది ఆడవాళ్లను తీసుకుని, ఎవరికి కోత ఆపరేషన్, ఎవరికి కీహోల్ అన్నది డాక్టరు ఇష్టానికి వదలకుండా చీటీలు తీసినట్టు నిర్ణయించారు. ఆపరేషన్లు చేసినవాళ్లేమీ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు కాదు, ముందుగా తాము చేసిన కేసుల వివరాలు, ఎడిట్ చేయని వీడియోలు పంపి ఒప్పించుకున్నవాళ్లే. అందరూ రెండూ సమానమని తేలుతుందనే ఎదురుచూశారు. తేలింది వేరు. నాలుగున్నరేళ్ల దగ్గర చూస్తే జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు కోత ఆపరేషన్ వైపు 96.5 శాతం, కీహోల్ వైపు 86 శాతం. చనిపోయినవాళ్లు కోత వైపు ముగ్గురు, కీహోల్ వైపు పంతొమ్మిది మంది. అందుకే 2017లోనే కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేశారు, 2018లో ఫలితాలు అచ్చయ్యాయి, ఆ తర్వాత అంతర్జాతీయ మార్గదర్శకాలు మూతి క్యాన్సర్ రాడికల్ ఆపరేషన్‌కు కోత పద్ధతే ప్రామాణికమని మార్చుకున్నాయి. ఇది రహస్యమేమీ కాదు, క్యాన్సర్ సర్జన్లందరికీ తెలుసు. తెలియాల్సింది పేషెంటుకీ, ఆమెను వెంటబెట్టుకొచ్చిన కొడుక్కీ.

ఎందుకిలా అయిందన్నదానికి ఖాయమైన జవాబు రాలేదు. గర్భసంచిని కదపడానికి కిందినుంచి పెట్టే మానిప్యులేటర్ గడ్డను నలిపేస్తోందని కొందరు, యోనిని కడుపు లోపలినుంచే కోయడం వల్ల క్యాన్సర్ కణాలు పొట్టలో చెదురుతున్నాయని కొందరు, పొట్ట ఉబ్బించడానికి ఎక్కించే గ్యాస్ మీద ఇంకొందరు అనుమానపడ్డారు. జాగ్రత్తలు తీసుకుని రోబోతో చేస్తే ఎలా ఉంటుందో చూడటానికి స్వీడన్ డాక్టర్ల ఆధ్వర్యంలో ఇంకో పరిశోధన మొదలైంది. అందులో మేలని తేలితే నేనే ముందు సంతోషిస్తాను. తేలేవరకు "కోత లేని ఆపరేషన్" అని ఫ్లెక్సీలు కట్టడం తప్పు.

ఇక గర్భసంచి లోపలి పొర క్యాన్సర్. ఎక్కువగా నెలసరి ఆగిపోయాక మళ్లీ బ్లీడింగ్ కనపడి బయటపడేది ఇది. దీనికి కీహోల్ నిక్షేపంగా చేయించుకోవచ్చు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, హాంకాంగ్‌లలో 760 మంది మీద చేసిన పరిశోధన 2017లో వచ్చింది, నాలుగున్నరేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు రెండు వైపులా 81 శాతం పైచిలుకే, తేడా లేదు. షుగరు, బీపీ, భారీ ఒళ్లు ఉన్న ఆడవాళ్లలోనే ఈ జబ్బు ఎక్కువ కాబట్టి, వాళ్లకు పెద్ద కోత మానక చీము పట్టడం మేం ఎన్నోసార్లు చూశాం కాబట్టి, ఇక్కడ చిన్న రంధ్రాలు నిజంగా వరం. మీ వార్తలోని పేషెంటుకు ఉన్నది ఈ క్యాన్సరే అయితే డాక్టర్లు చేసింది నూటికి నూరుపాళ్లు సరైనదే. అదే రాయండి, అంతే నేనడిగేది.

పెద్ద ఆపరేషన్ తర్వాత ఏం జరుగుతుందో కూడా ఎవరూ రాయరు. మూత్రాశయానికి పోయే నరాలు గర్భసంచి పక్కనున్న ఆ కండలోనుంచే పోతాయి. చుట్టూ ఎక్కువగా తీసినప్పుడు అవి దెబ్బతింటాయి, మూత్రం వచ్చినట్టు తెలియదు, కూర్చున్నా పూర్తిగా పోదు. మూత్రం పోవడానికి వేసిన ట్యూబు తీస్తే మూత్రం ఆగిపోతుంది, మళ్లీ వేయాలి. కొందరు ట్యూబుతోనే ఇంటికి పోతారు. పేషెంటు పక్కన కూర్చుని, ట్యూబుకు క్లిప్పు పెట్టి, కాసేపాగి వదిలి, "ఇప్పుడు నిండినట్టు తెలుస్తోందా అక్కా" అని అడగడం మా పని. ఒక్కోసారి రోజులు గడిచినా ఆమె తల అడ్డంగానే ఊపుతుంది. యూరిన్ బ్యాగు చీర కుచ్చిళ్ల వెనక దాచుకుని, ఎవరికీ తగలకుండా ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆదోని బస్సు ఎక్కిన ఆడవాళ్లను పంపించాను నేను.

అందుకే 2024లో వచ్చిన షేప్ అనే పరిశోధన నాకు చాలా గొప్పదనిపించింది. కెనడా డాక్టర్ మేరీ ప్లాంట్ నాయకత్వంలో 700 మంది మీద జరిగింది. గడ్డ 2 సెంటీమీటర్లు దాటకుండా, లోతుకు పోకుండా ఉన్నవాళ్లలో సగంమందికి రాడికల్ ఆపరేషన్, సగంమందికి చుట్టూ ఉన్న కండను వదిలేసి మామూలుగా గర్భసంచి తీసే ఆపరేషన్ అని పంచారు, గ్రంథుల పరీక్ష మాత్రం రెండు వైపులా ఉంది. మూడేళ్లకు పొత్తికడుపులో జబ్బు తిరిగొచ్చింది రాడికల్ వైపు 2.17 శాతం, మామూలు వైపు 2.52 శాతం, అంటే దాదాపు ఒకటే. నాలుగు వారాలు దాటాక కూడా మూత్రం నిలిచిపోయే బాధ రాడికల్ వైపు 9.9 శాతం మందికి ఉంటే మామూలు వైపు 0.6 శాతమే. ట్యూబు పట్టుకుని కూర్చున్నదానికి ఈ అంకెల విలువ ఎంతో తెలుసు. కాకపోతే ఈ లాభం గడ్డ చిన్నగా ఉండగా వచ్చినవాళ్లకే, మనవాళ్లలో ఎక్కువమంది అప్పటికి రారు.

ఆలస్యంగా వచ్చినవాళ్ల ఇంటివాళ్లు మొదట అనే మాట "ఎంతైనా కానీ, కోసి తీసేయండి సార్". కోసి తీస్తే జబ్బు పోయినట్టేననీ, కరెంటు పెట్టడం (రేడియేషన్) అంటే ఇక ఆశ లేక చేసేదనీ మన పల్లెల్లో గట్టి నమ్మకం. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రివాళ్లు దీని మీదే పరిశోధన చేశారు, పేషెంట్లు మన దేశపు ఆడవాళ్లే, 633 మంది. గడ్డ పెద్దదైనా ఇంకా దూరం పాకని దశలో ఉన్నవాళ్లను తీసుకుని, సగంమందికి ముందు కీమో ఇచ్చి గడ్డ తగ్గించి ఆపరేషన్ చేశారు, సగంమందికి ఆపరేషన్ లేకుండా కరెంటు, దాంతోపాటే కీమో ఇచ్చారు. అయిదేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు ఆపరేషన్ వైపు 69.3 శాతం, కరెంటు వైపు 76.7 శాతం. మొత్తంగా బతికున్నవాళ్లు రెండు వైపులా ఇంచుమించు సమానమే, కానీ జబ్బు తిరగబెట్టడం ఆపరేషన్ వైపు ఎక్కువ. 2018లో అచ్చయింది ఇది. కాబట్టి ఆ దశలో డాక్టరు "ఆపరేషన్ వద్దమ్మా, కరెంటు పెడదాం" అంటే చేతులెత్తేసినట్టు కాదు. అలా అన్నాడని అలిగి, కోస్తామన్నవాళ్ల దగ్గరికి పోవద్దని ప్రతి ఇంటికీ చెప్పాలనిపిస్తుంది.

ఇంకొకటి ఉంది, ఇది చెప్పాలంటే నాకు కోపం ఆగదు. మన రాష్ట్రంలో గర్భసంచి తీయించుకోవడం ఎంత తేలికైపోయిందో అందరికీ తెలిసిందే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతముంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెల్లబట్ట అవుతోందనో, నడుము నొప్పి అనో, పిల్లలయిపోయారు కదా ఇంకెందుకనో తీసేస్తారు. మూతి దగ్గర కణాలు తీసి చూసే పాప్ స్మియర్ పరీక్ష అయినా చేయకుండా తీసినవి నేను చూశాను. తీసిన గర్భసంచిని ప్లాస్టిక్ కవర్లో వేసి బయట నిలబడ్డ భర్తకు చూపిస్తారు, "ఇదిగో, ఇంత పుండు ఉంది చూడు" అంటారు, ఆ తర్వాత అది చెత్తలోకి పోతుంది, ఫార్మలిన్ డబ్బాలో పెట్టి బయాప్సీకి పంపరు. కొన్నాళ్లకు అదే మనిషి బ్లీడింగ్‌తో పెద్దాసుపత్రికి వస్తుంది. అప్పటికే లోపల క్యాన్సర్ ఉండి, దాన్ని మామూలు ఆపరేషన్‌లో సగంలో కోసేశారేమో చెప్పడానికి చేతిలో రిపోర్టు ఉండదు, సర్జన్‌కు ఏ దశో తెలియదు. రెండోసారి ఆపరేషన్ కష్టం, కరెంటుకు పోవాలి. షేప్ పరిశోధనలో చేసింది మామూలు ఆపరేషనే కదా, ఇదీ అదే కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోను. అక్కడ ముందే బయాప్సీ చేసి, ఎమ్మారై తీసి, గడ్డను కొలిచి, అంతకన్నా ఎక్కువ అక్కర్లేదని నిర్ధారించుకున్నాక చేశారు. ఇక్కడ చూడకుండా కోశారు.

కర్నూలులో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది, సంతోషం. నంద్యాల, అనంతపురం, కడప వైపువాళ్లు కూడా హైదరాబాదుకో బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికో పరిగెత్తే బదులు ఇక్కడికి రాగలగాలి. అయితే అక్కడ చేసే ప్రతి ఆపరేషన్ ఏ దారిలో చేశారు, గ్రంథుల్లో ఏం దొరికింది, మూడేళ్లకు ఆమె ఎలా ఉంది అన్నది రాసి పెట్టే మనిషిని కూడా వేయాలి. ఆశా కార్యకర్తలు ఊరూరా ఉన్నారు, ఫాలోఅప్‌కు రాని పేషెంటును వెతికి పట్టుకోవడం వాళ్ల సాయంతో అసాధ్యమేమీ కాదు. సర్జన్, కరెంటు డాక్టరు, కీమో డాక్టరు, పాథాలజిస్టు ఒకచోట కూర్చుని ఒక్కో కేసు మాట్లాడుకుని నిర్ణయించే పద్ధతి, ట్యూమర్ బోర్డు అంటారు దాన్ని, ఎంత రద్దీ ఉన్నా వదలకూడదు.

మీ విలేకరికి నా మనవి, ఈసారి ఇలాంటి వార్త రాసేటప్పుడు డాక్టర్‌ను ఏ క్యాన్సర్, ఏ దశ, గడ్డ ఎంత సైజు అని అడిగి రాయమనండి. వీలైతే ఈ ఉత్తరం కింద ఒక సూచన కూడా వేయండి: ఎక్కడ గర్భసంచి తీయించుకున్నా డిశ్చార్జికి ముందే బయాప్సీకి పంపారా అని అడగాలి, రిపోర్టు కాగితంతో పాటు తీసిన ముక్కను భద్రపరిచిన స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా ఉంటాయి, పెద్దాసుపత్రికి రాసి పంపినప్పుడు ల్యాబులో అడిగి అవి వెంట తెచ్చుకోవాలి. అవి ఉంటే డాక్టర్లు మళ్లీ చూసి దశ తేల్చగలరు.

ఇట్లు,
రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
కర్నూలు