అత్తయ్య పియానో చిత్తూరు నుంచి తిరుపతికి చేరింది: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

మొన్న మంగళవారం సాయంత్రం బైరాగిపట్టెడలో మా మొదటి అంతస్తు ఇంట్లోకి మా మేనత్త పియానో వచ్చి చేరింది. ఫోన్ చేసి థాంక్స్ చెప్పాను కానీ నాకు తృప్తి కలగలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అత్తయ్య చిత్తూరు మిట్టూరులో ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు పియానో నేర్పారు. ఆదివారాలు చర్చిలో కీర్తనలకు వాయించేవారు. 1919లో మదనపల్లె కాలేజీకి ఠాగూర్ వచ్చినప్పుడు జనగణమన బాణీకి స్వరాలు రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ గారు పియానో తెలిసిన మనిషేనని తన దగ్గరికొచ్చే ప్రతి పిల్లకూ చెప్పేవారు. ఇప్పుడు కీళ్ళనొప్పులతో ఆమె వేళ్ళు మడవలేకపోతున్నారు. క్రిస్మస్‌కి వెళ్ళినప్పుడు "పాపకిచ్చేస్తానే, తీసుకుపో" అన్నారు.

చిత్తూరు నుంచి తిరుపతి డెబ్బై కిలోమీటర్లే కదా అని, ఇళ్ళ సామాను మార్చేవాళ్ళను మాట్లాడుకున్నాం. వాళ్ళు ఏమీ అడగకుండా ఫోన్లోనే రేటు చెప్పేశారు. టెంపోతో నలుగురు వచ్చారు. పియానోకు కింద చిన్న చక్రాలుంటాయి కాబట్టి వాటి మీదే తోసేయొచ్చు అనుకున్నారు. గడప దగ్గర చక్రం తట్టుకుని ముందుకాలు ఒకటి పగిలింది. తర్వాత టెంపోలో వెల్లకిలా పడుకోబెడతామన్నారు. అత్తయ్య పియానో మీద చెయ్యి వేసి నిలబడి "వద్దు నాయనా, వెళ్ళిపోండి" అన్నారు. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

మొదటి కృతజ్ఞత వేలూరులో ఉండే ట్యూనర్ గారికి. అత్తయ్య పియానోను ఏళ్ళ తరబడి శ్రుతి చేస్తున్నది ఆయనే. సంగతి విని, చెన్నైలో పియానోలు మాత్రమే మోసే ఒక టీమ్ మేస్త్రీ నంబరు ఇచ్చారు.

ఆ మేస్త్రీ అన్న రేటు చెప్పలేదు, ముందు ప్రశ్నలు అడిగారు. పియానో గోడకు నిలబడేదా, మూడు కాళ్ళ మీద పడుకుని ఉండేదా? నేల నుంచి పైమూత దాకా ఎత్తెంత? తిరుపతిలో మెట్లెన్ని, మలుపు దగ్గర వెడల్పెంత? "అక్కా, టేపు పట్టి ఫోటో తీసి పంపండి, అప్పుడు మాట్లాడదాం" అన్నారు. నాకప్పటిదాకా పియానో అంటే పియానోనే. ఆయన ఓపిగ్గా చెప్పింది ఇక్కడ రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

నిలువు పియానోను అప్‌రైట్ అంటారు, దాన్ని ఎత్తుతో కొలుస్తారు. అన్నిటికన్నా పొట్టిది స్పినెట్, 36 నుంచి 40 అంగుళాలు. కన్సోల్ సుమారు 44 దాకా, స్టూడియో 48 దాకా ఉంటాయి. అంతకు మించినవి పెద్ద అప్‌రైట్లు. చిన్నవి 150 కిలోలకు అటూఇటూ ఉంటే పెద్దవి 250 దాటుతాయి. మూడు కాళ్ళ మీద పడుకుని ఉండేదాన్ని గ్రాండ్ అంటారు, దాన్ని పొడవుతో కొలుస్తారు. బేబీ గ్రాండ్ అయిదడుగుల చుట్టుపక్కల ఉంటుంది, కచేరీ హాళ్ళలో పెట్టేది తొమ్మిదడుగులు, అర టన్నుకు దగ్గర. గ్రాండ్‌ను తరలించాలంటే కాళ్ళు, పెడల్ చట్రం విప్పి, పక్కకు నిలబెట్టి చెక్కపలకకు కట్టాలి. అప్‌రైట్‌ను మాత్రం నిలబెట్టే తీసుకెళ్ళాలి.

మాది 131 సెంటీమీటర్లు, అంటే సుమారు 52 అంగుళాలు, పెద్ద అప్‌రైట్. లోపల సుమారు 230 తీగలు ఉంటాయట, అన్నీ కలిసి లాగే బలం 15 నుంచి 20 టన్నులు. అంత బలాన్ని ఆపడానికి పోత ఇనుము చట్రం ఉంటుంది, అది వెనకవైపు ఉంటుంది. అందుకే అప్‌రైట్ ఎప్పుడూ వెనక్కి ఒరగాలని చూస్తుందనీ, ముందుకాళ్ళు, చిన్న చక్రాలు దాన్ని గదిలో కాస్త జరపడానికే తప్ప గడపలు దాటించడానికి కాదనీ అన్నారు. మా గడప దగ్గర ఏం జరిగిందో నాకు అప్పుడర్థమైంది.

శని, ఆదివారాలు యాత్రికుల రద్దీ కాబట్టి మంగళవారం పెట్టుకున్నాం. అయిదుగురు వచ్చారు. మీటల మీది మూతకు తాళం వేసి, దుప్పట్లు చుట్టి, బెల్టులు బిగించి, లావు రబ్బరు చక్రాల ట్రాలీ మీదికి ఎక్కించారు. గడపకు రెండువైపులా పలకలు వేశారు. ఎక్కడా ఎవరూ అరవలేదు, మేస్త్రీ అన్న మెల్లగా లెక్కపెడుతుంటే అందరూ ఒకేసారి అడుగు వేశారు. లారీలో గోడకు ఆనించి కట్టారు. అత్తయ్య వీధిమలుపు దాకా నడిచొచ్చి లారీని చూస్తూ నిలబడ్డారు.

ఇక్కడ మెట్ల మలుపు దగ్గర నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. రెండంగుళాలు చాలలేదు. కింద వాటా పెద్దాయన ఒక్క మాట కూడా అనకుండా తన ఇనుప గేటు రెక్క ఊడదీయించారు. ఆయన భార్య అందరికీ మజ్జిగ ఇచ్చారు. ఎదురింటి అబ్బాయిలు స్కూటర్లన్నీ జరిపారు. 19 మెట్లు ఎక్కించడానికి నలభై నిమిషాలు పట్టింది. పియానోకు గానీ, గోడ సున్నానికి గానీ గీత పడలేదు. మొదటివాళ్ళు అడిగినదానికి ఇది మూడింతలు ఖర్చే, కానీ ఒక్క రూపాయి కూడా ఎక్కువనిపించలేదు. పగిలిన కాలును మిట్టూరు వడ్రంగి మామ అతుకు కనబడకుండా బాగుచేసి, డబ్బు తీసుకోలేదు. "మా పాప ఆమె దగ్గరే కదమ్మా నేర్చుకునింది" అన్నారు.

కిటికీకి, ఏసీకి దూరంగా, లోపలి గోడకు పెట్టించి, వెళ్ళేముందు మేస్త్రీ అన్న పాపకు ఒక మాట చెప్పారు. లోపలి చెక్క కొత్త గది గాలికి అలవాటు పడాలి, మూడు వారాలు ఆగి ట్యూనర్‌ను పిలవండి అని. అప్పటిదాకా కొన్ని మీటలు కొంచెం శ్రుతి తప్పి పలికినా భయపడొద్దన్నారు.

ఆ రాత్రి పాప వాయిస్తుంటే ఫోన్లో అత్తయ్యకు వినిపించాను. చివరిదాకా విని, "మధ్యలో ఒక స్వరం కిందికి దిగింది, ట్యూనర్‌కు చెప్పు" అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఫోన్ కూడా పెట్టలేదు.

మేస్త్రీ అన్నా, శ్రుతి చేయించాక ఫోన్ చేసి వినిపిస్తానని మీకు మాటిచ్చాను. వచ్చే నెల మొదటివారంలో తప్పకుండా చేస్తాను.